హాల్లో ఆటుపోట్లు

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా అక్క చేసే మొదటి పని, హాల్లో ఉన్న చేపల తొట్టి నీళ్లు పరీక్షించడం. ఉప్పు కొలుస్తుంది. చిన్న గాజు సీసాలో నీళ్లు తీసి, మందు చుక్కలు వేసి, రంగు మారేదాకా ఊపి, అట్ట మీది రంగులతో పోల్చి చూస్తుంది. చూడగానే ఒళ్లు మండి, "వీడి మొహం మండ!" అంటుంది.

వీడంటే ఆమె తమ్ముడు. ఓడలో ఇంజను గదిలో పని. నాలుగేళ్ల కింద రెండు చారల చేపల్నీ, అరచేయంత పగడాన్నీ, క్యాన్ల కొద్దీ సముద్రపు నీళ్లనీ తెచ్చి తొట్టి కట్టించాడు. "ఆర్నెల్లు చూసుకో అక్కా, నీ పుణ్యముంటుంది. నెలకోసారి నీళ్లు మారిస్తే చాలు" అని ఓడెక్కాడు.

మర్నాటి నుంచే తొట్టికి ఆటుపోట్లు మొదలయ్యాయి. వాడి ఓడ ఏ సముద్రంలో ఉంటే ఆ సముద్రం పోటుకి నీళ్లు అంచుదాకా పొంగేవి, ఆటుకి నాలుగు వేళ్లు దిగేవి. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త అది చూసి, తడుస్తుందని సోఫా కాస్త ఇవతలికి జరిపాడు, అంతే.

పొంగితే పొంగాయి, తుడుచుకోవచ్చు. కానీ వచ్చిన నీళ్లు ఊరికే రావు, అక్కడి గుణాన్ని వెంటేసుకొస్తాయి. ఓడ ఎండలు కాసే సముద్రంలో ఉంటే ఉప్పు పెరిగిపోయేది. అక్క మంచినీళ్లు పోసి పోసి దించేది. చలి సముద్రంలోకి వెళితే నీళ్లు వేడిచేసే రాడ్డు రోజంతా ఎర్రగా వెలుగుతూనే ఉండేది. ఇంకోచోట నీళ్లలో క్షారం తగ్గి పగడం ముడుచుకుపోయేది. సోడా పొడి చెంచా చెంచా కలిపి దాన్ని దారికి తెచ్చేసరికి ఓడ మరో సముద్రంలో ఉండేది.

"ఒక్కచోట కుదురుగా ఉండలేవురా?" అని ఫోన్లో అరిచేది.

"ఓడని నేను నడపనక్కా, ఇంజనుకి నూనె పోస్తా" అనేవాడు.

ఈమధ్య ఫోను ఎత్తడమే మానేశాడు. మోగి మోగి ఆగాక మెసేజీ వచ్చేది: 'నడిసముద్రంలో ఉన్నా. సిగ్నల్ లేదు.'

"సిగ్నల్ లేనివాడు మెసేజీ ఎలా పెట్టాడండీ?" అని భర్తని నిలదీసింది.

"నన్నడిగితే ఏం లాభం? వాణ్ణడుగు" అని ఆయన పనిముట్ల సంచీ తగిలించుకుని జారుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఉప్పు పడిపోవడం మొదలైంది. ఎంత కలిపినా మర్నాటికి సగమే. చేపలు మూల నక్కాయి. ఉప్పు సంచులు మోసి ఆమె నడుం పట్టేసింది. మూడో వారానికి ఓపిక చచ్చి, నీళ్లు ఎన్నింటికి పొంగుతున్నాయో, ఎన్నింటికి దిగుతున్నాయో కాగితం మీద రాయసాగింది. వాడు రాగానే మొహాన కొట్టాలని.

ఆమె పేపరాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఒక సాయంత్రం రేవు ఆటుపోట్ల వేళలు దిద్దుతూ ఆగిపోయింది. సంచీలో కాగితం తీసి ఆ రోజు పేపరు పక్కన పెట్టింది. పోటు ఏడు గంటల పన్నెండు నిమిషాలకి. పేపర్లోనూ అంతే. నిన్నటిదీ మొన్నటిదీ చూసింది. నిమిషం తేడా లేదు. పేపర్లోని వేళలు తాముంటున్న ఊరి రేవువే. నది సముద్రంలో కలిసేది అక్కడే, మరి ఉప్పెలా నిలుస్తుంది?

"నడిసముద్రంలో ఉన్నాట్ట, నడిసముద్రంలో!" అంది పళ్లు నూరుతూ.

మర్నాడు పొద్దున్నే భర్త బండి మీద రేవుకి వెళ్లింది. పడవలు బాగుచేసే షెడ్డులో, ఓ పాత పడవకి పట్టిన తుప్పు గీకుతున్నాడు తమ్ముడు. వెనకనుంచి మూడుసార్లు కేకేసింది. షెడ్డులో పనివాళ్లంతా తిరిగి చూశారు. వాడు తిరగలేదు.

భుజం పట్టి తిప్పింది. వాడు ఉలిక్కిపడి, ఆమె కళ్లలోకి కాదు, పెదాల వంక చూశాడు. దారంతా కూడగట్టుకున్న తిట్లు ఆమె గొంతులోనే ఉండిపోయాయి.

"ఇంజను ఆగిపోయిందనుకున్నా అక్కా," అన్నాడు, అవసరం లేనంత గట్టిగా. "ఆగలేదు. నా చెవులే ఆగిపోయాయి. ఓడలోంచి దింపేశారు. నీకేమని చెప్పను? ఎల్లుండి దూరంగా ఓ దీవికి కాపలా పనికి పోతున్నా. అక్కడ ఎవరితో మాట్లాడక్కర్లేదు."

ఆమె కాగితం వెనక్కి తిప్పి రాసింది: 'నోర్మూసుకుని బండెక్కు.'

చెవుల డాక్టరు చాలాసేపు చూశాడు. "ఎడమది లాభం లేదు. కుడిదాన్లో ఇంకా ప్రాణముంది. నెల ఆలస్యమైతే అదీ దక్కేది కాదు," అన్నాడు.

తమ్ముడు హాల్లో పడుకున్న రోజు నుంచి తొట్టి నీళ్లు కదల్లేదు. మందులైపోయాయి, ఆపరేషన్ అయింది, కుడిచెవికి మిషను పెట్టారు. దీవి పనికి ఇంకెవరో వెళ్లారు.

ఒకరోజు వాడు నీళ్లు మారుస్తుంటే అక్క వచ్చి చూసింది. తొట్టంతా సున్నం కలిపినట్టు తెల్లగా ఉంది.

"క్యాల్షియం చెంచాడు వెయ్యమంటే డబ్బా అంతా బోర్లించావా? బుర్ర ఉందా లేదా నీకు?" అని, రెండు నెలలుగా అలవాటైన గొంతుతో, వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

తమ్ముడు మొహం చిట్లించి కుడిచెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మెల్లిగా అక్కా. వినిపిస్తోంది."

 ఆమె వాడి పక్కన చతికిలబడి, మెల్లగా, ఒక్కొక్కటే, మిగిలిన తిట్లన్నీ తిట్టింది.