జోంగాకు చుట్టిన తాడు

ఎల్బీ నగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డులోకి తిరగగానే కుడిచేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. కావలసినవాళ్ళు మిలిటరీ జనార్ధన్ షెడ్డు ఎక్కడని అడిగి వచ్చేవారు. పదిహేనేళ్ళు సైన్యంలో బండి నడిపి వచ్చిన మనిషి అతను. సికింద్రాబాదులో మిలిటరీ వాళ్ళు పాత సామాను వేలం వేసినప్పుడల్లా వెళ్ళి డేరాలు, బూట్లు, నీళ్ళ సీసాలు, పెట్రోలు డబ్బాలు కొనుక్కొచ్చేవాడు. అప్పుడప్పుడు ఒక జీపు. బాగుచేసి అడవులకూ కొండలకూ తిరిగేవాళ్ళకు అమ్మేవాడు.

ఎనభై నాలుగు వేసవిలో అతనికి వేలంలో ఒక జోంగా దొరికింది. జీపు కంటే పెద్దది, నాలుగు చక్రాలూ లాగే బండి. రెండు నెలలు దాని కింద పడుకుని ఇంజను సాఫు చేశాడు. ముందు బంపరుకు, తుక్కులో దొరికిన ఒక విన్చి బిగించాడు. బురదలో బండి దిగబడితే ఇనుప తాడును దూరాన ఒక చెట్టుకు కట్టి ఇంజను నడిపితే చాలు, డ్రమ్ము తాడును చుట్టుకుంటూ బండిని తనే బయటికి ఈడ్చుకుంటుంది.

ఆ బండి చక్రపాణి కోసం. దిల్‌సుఖ్‌నగర్ వెనకాల కొత్త కాలనీలో ఉంటూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఈ తెనాలి మనిషి, సెలవులొస్తే నల్లమలలో మొక్కలు వెతుక్కుంటూ తిరిగేవాడు. కిందటి వానాకాలం స్నేహితుడితో కారులో వెళ్ళి వాగు అవతల చిక్కుకుపోయాడు. స్నేహితుణ్ణి పాము కరిచింది. కారు బురదలోంచి కదల్లేదు. రాత్రంతా అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చక్రపాణి, తెల్లవారాక శవాన్ని భుజాన వేసుకుని నడిచొచ్చాడు.

"నాకు ఆగని బండి కావాలండీ జనార్ధన్ గారూ. ఇంకేం అక్కర్లేదు" అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు.

ఆ మాట జనార్ధన్‌కు బాగా పట్టుకుంది. సైన్యంలో ఉండగా ఆగిపోయిన బళ్ళల్లో మనుషులు ఎట్లా చస్తారో అతను చూశాడు.

బండి అప్పగించే రోజు పొద్దున పదింటికి చక్రపాణి స్కూటర్ మీద వచ్చాడు. జనార్ధన్ డేరా మడతపెట్టడం చూపించాడు, మందుల సంచి విప్పి గాయాలకు కట్టే కట్లు చూపించాడు. చివర్న విన్చి దగ్గరికి తీసుకెళ్ళి, పైచుట్లు వదులు చేసి లోపలి తాడు చూపించాడు. అరచేయి పొడుగున ఇనుప పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి.

"తాడు పాతది సార్. కొత్తది వచ్చే వారం తెస్త. గప్పటిదాక దీన్ని ముట్టొద్దు. బరువు మీద తెగిందంటే కత్తి లెక్క ఎనకకొస్తది. మనిషిని రెండు తునకలు చేస్తది."

అప్పుడే షెడ్డు ముందు రెండు జీపులు ఆగాయి. ముందు దిగినవాడు వెంకటేశ్వర్లు, జనార్ధన్ పెదనాన్న కొడుకు. కర్మన్‌ఘాట్ వైపు పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మడం, అడ్డమొచ్చినవాణ్ణి కొట్టి ఖాళీ చేయించడం వెంకటేశ్వర్లు పని. వెనక ఆరుగురు మనుషులు, చేతుల్లో గడ్డపారలు, సైకిల్ చైన్లు.

"తమ్మీ, బండి కావాలె" అన్నాడు వెంకటేశ్వర్లు. "ఒక ఇల్లు గుంజి పడగొట్టాలె. సాయంత్రం తెచ్చిస్త."

"ఇయ్యనన్నా."

"ఎందుకియ్యవ్?"

"కిష్టమ్మను మర్సిపోయినవా?"

రెండేళ్ళ కింద వెంకటేశ్వర్లు పొలం పనికని అతని దగ్గర ఒక జీపు కొనుక్కుపోయాడు. వారం తిరక్కుండా దానితో ఒక గుడిసె గోడను గుద్దాడు. గోడ వెనక కిష్టమ్మ అన్నం వండుతూ ఉంది. కబురు తెలిసి జనార్ధన్ పరుగెత్తుకెళ్ళేసరికి మట్టిపెళ్ళల కింద నుంచి ఆమె చేయి ఒకటే బయటికి ఉంది, వేళ్ళకు అన్నం మెతుకులతో. గోడ నానిపోయి తనే కూలిందని పోలీసులు రాసుకున్నారు. ఆ రోజు నుంచి జనార్ధన్ అన్నతో మాట్లాడలేదు.

వెంకటేశ్వర్లు నవ్వలేదు, తిట్టలేదు. తన మనుషుల వైపు తల ఊపాడంతే. మొదటి చైను దెబ్బ జనార్ధన్ చెవి మీద పడింది. రెండోది మెడ చుట్టూ తిరిగి దవడ చీల్చింది. అతను స్పానర్ అందుకుని ఒకడి ముక్కు పగలగొట్టాడు. ఆ తర్వాత ముగ్గురు మీద పడి నేలకు అదిమేశారు. అడ్డమొచ్చిన చక్రపాణిని ఒకడు గోడకు నెట్టి గడ్డపారతో మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. వెనక ఇంట్లోంచి జనార్ధన్ భార్య ఆండాలు పరుగెత్తుకొచ్చింది.

"బావా! ఒక్క తల్లి చేతుల పెరిగిన తమ్మున్ని సంపుతవా? నీ చేతులు పడిపోను!"

"లోపటికి పో ఆండాలు" అన్నాడు వెంకటేశ్వర్లు, ఆమె వైపు చూడకుండా. తమ్ముడి వీపు మీద మోకాలు పెట్టి కూర్చుని విన్చి వైపు చూపించాడు. "చెప్పు. గీ తాడు ఎంత గుంజుతది?"

జనార్ధన్ నోటి నిండా నెత్తురు. ఒక పన్ను ఊడి నాలుక కింద తగులుతోంది. ఎదురుగా గోడకు జారగిలబడిన చక్రపాణి అతని కళ్ళలోకే చూస్తున్నాడు.

"లారీని గుంజుతది" అన్నాడు జనార్ధన్.

చక్రపాణి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

వాళ్ళు జోంగాను తీసుకుపోయారు. దుమ్ము అణగక ముందే జనార్ధన్ లేచాడు. ఆండాలు తన కొంగు చింపి దవడకు కడుతుంటే ఆమె చేయి తోసేశాడు. స్కూటర్ స్టార్టు చేశాడు. చక్రపాణి విరిగిన చేతిని పొట్టకు అదుముకుని వెనక ఎక్కాడు.

"ఎందుకలా చెప్పారండీ?" అన్నాడు దారిలో.

జనార్ధన్ స్కూటర్ వేగం పెంచాడు.  నోట్లోంచి ఆ మాట వచ్చేసింది, వచ్చినప్పుడు హాయిగా ఉంది. ఇప్పుడు హాయిగా లేదు.

జోంగా జాడ పట్టుకుని కర్మన్‌ఘాట్ రోడ్డు దాటితే, హద్దురాళ్ళు పాతిన చేలల్లో ఒంటరిగా ఒక ఇటుకల గది. జోంగా దానికి ఇరవై గజాల దూరంలో నిలబడి ఉంది. ఇనుప తాడును డ్రమ్ము చివరి దాకా విప్పి గది మూలస్తంభానికి చుట్టారు. గుమ్మంలో ఆ గది సొంతదారు ఇంద్రమ్మ కూర్చుని ఉంది, రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని. అరవై ఏళ్ళ ముసలిది. నుదురు పగిలి ఉంది, ఇప్పటికే కొట్టారు.

"నా పాణం పోయినా లేవ! పైసలు కట్టి కొన్న! కాయితం ఉన్నది!"

"గుంజుర్రి" అన్నాడు వెంకటేశ్వర్లు.

ఇంజను గర్జించింది. తాడు నేల మీద నుంచి లేచి బిగిసింది. జనార్ధన్ స్కూటర్ పడేసి గుమ్మం వైపు పరుగెత్తాడు. ఇంద్రమ్మ వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీయాల్సి వచ్చింది. ఆమె అతని చేయి కొరికింది. నడుం పట్టుకుని గది వెనక్కి ఈడ్చుకుపోయి పడేశాడు. స్తంభం నుంచి సున్నం రాలుతోంది. గోడలో పగులు పైదాకా పాకింది.

అతను ఇవతలికి వచ్చేసరికి వెంకటేశ్వర్లు తాడు పక్కనే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సూడు తమ్మీ, నీ బండి తాకత్!"

చెప్పడానికి టైము ఉంది. ఆ సంగతి తర్వాత జనార్ధన్ ఎన్నిసార్లు తలుచుకున్నా మారలేదు. ఊపిరి తీసి వదిలేంత టైము ఉంది. అన్న మొహం చూశాడు. అన్నం మెతుకులంటిన చేయి కనిపించింది. తన దవడ మండింది. అంతసేపూ ఊరుకున్నాడు. అప్పుడు అరిచాడు.

"పక్కకు జరుగన్నా! తాడు తెగుతది!"

ఇంజను హోరులో వెంకటేశ్వర్లుకు వినపడలేదు. "ఏందీ?" అంటూ చెవి దగ్గర చేయి పెట్టుకుని ఒక అడుగు ముందుకు వేశాడు.

తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తెగిన తాడు గాలిలో ఒక్క మెలిక తిరిగి వచ్చి, బండి అద్దం పగలగొట్టి, వెంకటేశ్వర్లు ఎడమ కాలిని మోకాలి పైన పట్టి కోసేసింది. అతను పడిపోయినట్టు లేదు, కురచైనట్టు ఉంది. ఆశ్చర్యంగా కిందికి చూసుకున్నాడు. ఆ తర్వాత కేక వేశాడు. కాలు తోలు మీద వేలాడుతోంది. నెత్తురు చిమ్మి ఎదుటివాడి చొక్కా మీద పడింది. వాడు చైను పారేసి చేలల్లోకి పరుగు తీశాడు. వెనకే మిగతావాళ్ళు. డ్రైవరు కూడా దిగి పారిపోయాడు.

జనార్ధన్ తన బెల్టు తీసి అన్న తొడకు బిగించాడు. "కట్లు! బండ్లె ఉన్నయ్ సార్!" చక్రపాణి ఒంటి చేత్తో మందుల సంచి ఈడ్చుకొచ్చాడు, పళ్ళతో కట్లు చింపి అందించాడు. ఇద్దరూ కలిసి వెంకటేశ్వర్లును జోంగా వెనక వేశారు. గది వెనక నుంచి వచ్చిన ఇంద్రమ్మ కాసేపు చూసి, కుండతో నీళ్ళు తెచ్చి అతని నోట్లో పోసింది. మళ్ళీ వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.

దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్. హారను మీద చేయి తీయకుండా ఉస్మానియా దవాఖాన దాకా జనార్ధన్ నడిపాడు. అద్దం లేని బండిలో గాలి నేరుగా అతని చీలిన దవడను కొడుతోంది. వెనక అన్న "అమ్మా, అమ్మా" అంటున్నాడు. చిన్నప్పుడు ఇద్దరినీ పెంచింది ఆ తల్లే.

కాలు తీసేశారు. ప్రాణం దక్కింది. పోలీసులు వచ్చి అడిగితే చక్రపాణి తన చేయి ఎట్లా విరిగిందో, జనార్ధన్‌ను ఎట్లా కొట్టారో అన్నీ చెప్పాడు. తాడు గురించి వాళ్ళు అడగలేదు, అతను చెప్పలేదు. కానీ బయటికి వచ్చాక జనార్ధన్‌తో అన్నాడు:

"బండి నాకొద్దండీ. మీ మీద కోపం కాదు. మీరు అబద్ధమని తెలిసి చెప్పారు, నేను తెలిసి ఊరుకున్నాను. దాన్ని నేను నడపలేను."

పదో రోజు జనార్ధన్ వార్డులోకి వెళ్ళాడు. వెంకటేశ్వర్లు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. జనార్ధన్ నిలబడే చెప్పాడు.

"తాడు ఖరాబున్నదని నాకెరుకే అన్నా. ఎరికుండే లారీని గుంజుతదని చెప్పిన."

వెంకటేశ్వర్లు దుప్పటి కింద కాలు లేని చోటు వైపు చూశాడు.

"కిష్టమ్మ కోసమా?"

"కొంత. కొంత నువ్వు నా ఈపు మీద కూసున్నందుకు."

"మల్ల అరిసినవ్ గద. ఎందుకరిసినవ్?"

"నా అన్నవు గద."

వెంకటేశ్వర్లు కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద నుంచి నీళ్ళు కారి గడ్డంలోకి దిగాయి. "పో" అన్నాడు. "మల్ల రాకు. నాకు కాలు లేదు గని చెయ్యున్నది. సంపుత."

జనార్ధన్ బయటికి వచ్చాడు. వరండాలో ఆండాలు రొట్టెల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.  గిన్నె తీసుకుని తనే లోపలికి నడిచింది. జనార్ధన్ మెట్ల మీద కూర్చుని, ఆమె వచ్చేదాకా వచ్చేపోయే మనుషుల కాళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.