హాల్లోకి వాలిన బాత్రూం

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టాక బాత్రూంలో ఒక బకెట్ నీళ్ళు పోసి చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. మేం సామాన్లు దింపుకుని, మంచాలు బిగించుకుని, కర్టెన్లు కూడా వేలాడదీసుకున్నాక పోసి చూశాం.

మాకంటే ముందే అత్తయ్య చూడవలసింది చూసేసింది. వాకర్ పట్టుకుని బాత్రూం గుమ్మం దాకా వచ్చి, లోపల అడుగు పెట్టకుండానే, "వంకర" అంది.

"ఏది వంకర అమ్మా?" అన్నారు మావారు.

"ఏది కాదో అడుగు. తొందరగా తేలుతుంది."

ఆవిడ నలభై ఏళ్ళు బట్టలు కత్తిరించి కుట్టిన మనిషి. మెడలో టేపు ఉండేది కానీ దాన్ని వాడగా ఎవరూ చూడలేదు. మనిషి వాకిట్లోంచి లోపలికి వచ్చేలోపే చొక్కాకి ఎంత గుడ్డ పడుతుందో చెప్పేసేది. ఆవిడ చెప్పాక మేమూ వంగి చూశాం. టైళ్ళ మధ్య సందు గుమ్మం దగ్గర దారంలా సన్నగా మొదలై, కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి చిటికెన వేలు దూరేంత అయింది. నేను చీపురుతో అలా ఒకసారి ఊడ్చానో లేదో, ఆ సందుల్లోంచి తెల్లటి పొడి రాలింది. అత్తయ్య దాన్ని వేలికి అద్దుకుని వాసన చూసింది.

"పళ్ళపొడి" అంది.

తర్వాత నేను బకెట్ నీళ్ళు పోశాను. తూము ఒక మూల ఉంది. నీళ్ళు కాసేపు ఎటూ తేల్చుకోలేక నిలబడి, తూము వైపు ఒక్క చుక్క కూడా వెళ్ళకుండా, తలుపు కింద నుంచి హాల్లోకి వచ్చి సోఫా కింద దూరాయి.

"నీరు పల్లమెరుగు" అన్నారు మావారు, అదేదో ఓదార్పు అయినట్టు. నాకు ఒళ్ళు మండింది.

నా మంటకి కారణం ఉంది. పోయిన ఏడు అద్దె ఇంట్లో అత్తయ్య బాత్రూంలో నిలిచిన నీళ్ళలో జారిపడింది. తుంటి ఎముక విరిగి, లోపల కడ్డీ వేశారు. అప్పటి నుంచి ఎనిమిది నెలలుగా ఆవిడకి నేనే స్నానం చేయిస్తున్నాను. ఆవిడ స్టూలు మీద గోడ వైపు తిరిగి కూర్చునేది. నేను వీపు రుద్దుతూ కబుర్లు చెప్పేదాన్ని. మామూలుగా మాటకి రెండు మాటలు అప్పజెప్పే మనిషి, అక్కడ మాత్రం ఊ కూడా కొట్టేది కాదు. అలవాటు పడిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అత్తగారికి ఇంత చేస్తున్నానని లోలోపల నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఇంటి ప్లాన్ గీసేటప్పుడు నీకేం కావాలమ్మా అని మావారు అడిగితే, ఆవిడ కోరింది బాత్రూం ఒక్కటే. కాలికి తగలకుండా గడప లేని గుమ్మం, పట్టుకోవడానికి గోడకి ఒక కడ్డీ, లోపలి నుంచి వేసుకునే గడియ. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. "నేల మీద నీళ్ళు నిలవకపోతే చాలు, ఆవిడ ఒక్కరే స్నానం చేసుకోవచ్చు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడ కొత్త ఇంటికి వెళ్ళే రోజు కోసం క్యాలెండర్లో రోజులు కొట్టేస్తూ కూర్చుంది. తీరా వచ్చాక బాత్రూం ఇదీ.

మర్నాడు టైల్స్ మేస్త్రి వచ్చాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు, ఏ తప్పూ అంటించుకోనివాడు.

"గోడ వంకరండి. టైలు తిన్నగానే ఉంది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.

"మరి ఈ పళ్ళపొడి?" అన్నాను.

"ఆ రోజు వైట్ సిమెంట్ అయిపోయింది అమ్మగారూ. ఆదివారం, కొట్లు మూసేశారు. నా సంచిలో ఇది ఉంది. రంగు కలిసిపోయింది కదా" అన్నాడు, మెచ్చుకుంటామని ఎదురుచూస్తున్నట్టు.

"ఎంత మేర పెట్టావు?"

"నాలుగు వరసలేనండి. అక్కడికి డబ్బా అయిపోయింది."

ఇల్లు కట్టిన కంపెనీకి మావారు ఫోన్ చేశారు. కంపెనీ ఒక ఇంజనీరుని పంపింది. అతని చేతిలో ఒక ఫారం, ఒక ఎర్ర స్టిక్కర్ల కాగితం ఉన్నాయి. పద్ధతి చాలా సులువు మేడం, అని వివరించాడు. పాడైన టైలు మీద స్టిక్కర్ అంటిస్తాడు. స్టిక్కర్ ఉన్న టైలు మారుస్తారు. స్టిక్కర్ లేని టైలు కంపెనీ లెక్కలో బాగున్న టైలే.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, సందుల్లో పళ్ళపొడి కరిగిపోయి నీళ్ళు కిందకి దిగడం వల్ల, పాడైన టైళ్ళు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి. తడి టైలు మీద స్టిక్కర్ నిలవదు. అతను అంటించడం, అది జారిపోవడం, అతను ఫారంలో "స్టిక్కర్ లేదు" అని రాసుకోవడం. మావారు హెయిర్ డ్రైయర్ తెచ్చి నేల మీద బోర్లా పడుకుని ఒక్కో టైలూ ఆరబెట్టారు. ఆరినంతసేపు అంటుకుంది. మళ్ళీ చెమ్మ ఎక్కగానే ఊడింది.

"తడిగా ఉండడమే కదా బాబూ దాని జబ్బు" అన్నాను.

"ఒప్పుకుంటాను మేడం. కానీ జబ్బుకి స్టిక్కర్ లేదు."

కాగితం మీద నుంచి అప్పటికే పదకొండు స్టిక్కర్లు ఊడదీశాడు. ఊడదీసినవి ఆఫీసులో వాపసు తీసుకోరట. ఎక్కడో ఒకచోట అంటించి తీరాలట. వెతికి వెతికి, అవతలి గోడ వారగా పొడిగా, తిన్నగా, గట్టిగా ఉన్న పదకొండు టైళ్ళ మీద అంటించాడు. అవి చక్కగా అతుక్కున్నాయి. అతను తృప్తిగా ఫొటో తీసుకుని వెళ్ళాడు.

నాలుగో రోజు మేస్త్రి సుత్తీ ఉలీ తెచ్చుకుని, బాత్రూం మొత్తంలో బాగున్న ఆ పదకొండు టైళ్ళనీ పగలగొట్టాడు. పుండొకచోట మందొకచోట అని నేను అరిచి గోల చేశాను. "నాకూ తెలుసమ్మా, కానీ స్టిక్కర్ వాటి మీదే ఉంది" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని అతను కొత్తవి పెట్టడం చూసింది. అతను ఒక టైలు పెట్టి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసి, తల ఊపుకుని, ఇంకోటి పెడుతున్నాడు. నాలుగైదు పెట్టాక ఆవిడ ఉండబట్టలేకపోయింది.

"నాయనా, ఏ కన్ను మూస్తున్నావు?"

"కుడిదమ్మా. ముప్ఫై ఏళ్ళుగా ఎడమ కంటితోనే చూస్తాను. చేతికి అలవాటు."

"ఒకసారి ఎడమది మూసి కుడిదానితో చూడు."

అతను చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్ళు మార్చి మార్చి చూశాడు. తర్వాత తాపీ పక్కన పెట్టి, పగలగొట్టిన ముక్కల పక్కనే చతికిలబడ్డాడు.

"అమ్మా, గోడ తిన్నగానే ఉంది" అన్నాడు.

అతని ఎడమ కంట్లో ఎన్నేళ్ళుగానో పొర ఉన్నట్టుంది. తాను టైళ్ళు వేసిన ఇళ్ళన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ అయ్యాక మానేశాడు. నాకు కోపం రావలసింది, కానీ అతని మొహం చూస్తే నవ్వొచ్చింది, నవ్వితే పాపమనిపించి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

మర్నాడు అతను మిగిలిన టైళ్ళు పెట్టేసి, కొత్తగా కొన్న రసమట్టం బయటికి తీశాడు. బాత్రూం నేల మీద ఎక్కడ పెట్టినా అందులోని బుడగ తూము వైపుకే పరుగెత్తింది. అంటే నేలంతటికీ తూమే మిట్ట, హాలే పల్లం. "మొత్తం తవ్వేసి మళ్ళీ పోస్తానండి, ఈసారి రెండు కళ్ళతో" అన్నాడు. మనసారా అన్నాడు. కంపెనీని అడిగితే, ఇంజనీరు వచ్చి పరీక్ష చేస్తేగానీ కుదరదన్నారు.

ఇంజనీరు వచ్చాడు. మేస్త్రి కూడా వచ్చి నిలబడ్డాడు. పరీక్ష అంటే ఒక మగ్గు నీళ్ళు పోయడం. నీళ్ళు తూములోకి వెళితే బాత్రూం బాగున్నట్టు. అతను మగ్గు నింపి, నాలుగడుగులు నడిచి, నేరుగా తూములోనే పోశాడు.

"వెళ్ళాయి" అన్నాడు. "ఇక్కడ సంతకం పెట్టండి మేడం."

"తూములో పోస్తే తూములోకి వెళ్ళక ఇంకెక్కడికి వెళతాయి?"

"అదే కదా మేడం పరీక్ష."

నేను ఆ కాగితం తీసుకుని ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఈలోగా వాకర్ చప్పుడైంది. అత్తయ్య భుజాన తువ్వాలు, చేతి సంచిలో ఉతికిన బట్టలు వేసుకుని, మా నలుగురి మధ్య నుంచి బాత్రూంలోకి నడిచింది.

"అందరూ బయటికి నడవండి. నేను స్నానం చేయాలి."

"అమ్మా, నేల బాగుపడలేదు" అన్నారు మావారు.

"ఈ పది రోజులూ దాన్నే చూస్తున్నాను. నీకంటే నాకే బాగా తెలుసు. నడు."

నేను మామూలుగానే ఆవిడ వెనక లోపలికి వెళ్ళబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, నా మొహం మీదే తలుపు వేసింది. గడియ పడింది.

మేం నలుగురం హాల్లో వరసగా నిలబడ్డాం. స్టూలు ఈడ్చిన చప్పుడైంది. షవర్ విప్పిన చప్పుడైంది. కాసేపటికి తలుపు కింద నుంచి నీళ్ళు వచ్చి ఇంజనీరు బూట్లని పలకరించాయి. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. నీళ్ళూ ఒక అడుగు ముందుకి వేశాయి. ఒక పెద్దావిడ స్నానం చేస్తుంటే తలుపు కొట్టలేడు, షవర్ కట్టేయమని అరవలేడు. ఫారం తల మీద పెట్టుకుని సోఫా ఎక్కాడు.

"అత్తయ్యా, నేను రానా?" అన్నాను.

"రావద్దు."

"జారతారేమో."

"నేను తూము పక్కన కూర్చున్నాను. ఇక్కడ నీళ్ళు నిలవడం లేదు. అన్నీ మీ దగ్గరికే వస్తున్నాయి."

మేస్త్రి నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నిజమేనమ్మా. మిట్ట కదా. లోపల పొడిగానే ఉంటుంది."

సబ్బునీళ్ళు వచ్చాయి. తర్వాత మామూలు నీళ్ళు వచ్చాయి. చాలాసేపు వచ్చాయి. సోఫా మీద నుంచి ఇంజనీరు మొదటిసారి మనిషిలా మాట్లాడాడు. "సరే మేడం. కళ్ళారా చూశాను. మొత్తం నేల పగలగొట్టి కొత్తది వేయమని రాస్తాను. మూడు వారాల్లో అయిపోతుంది."

గెలిచాం అనుకున్నాను. తలుపు దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పాను. "అత్తయ్యా, విన్నారా? నేలంతా కొత్తగా వేస్తారట. మూడు వారాలట."

లోపల షవర్ ఆగింది.

"ఈ నేలని ఎవరూ ముట్టుకోవద్దు."

"అదేంటి అత్తయ్యా? మూడు వారాలే కదా. ఇన్నాళ్ళూ చేయించినదాన్ని, ఆ కొన్నాళ్ళూ నేనే..."

"వద్దమ్మాయ్." స్టూలు మీంచి లేచిన చప్పుడైంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆవిడ గొంతు తలుపుకి బాగా దగ్గరగా ఉంది. "నువ్వు బాగా చూసుకున్నావు. కన్నకూతురైనా అంత చేయదు. కానీ ఎనిమిది నెలలు రోజూ నీ ముందు బట్టలు విప్పుకుని కూర్చున్నాను. రోజూ పొద్దున లేస్తూనే ఈ పూట స్నానం లేకపోతే బాగుండుననుకునేదాన్ని. ఇంకొక్క రోజు కూడా నా వల్ల కాదు. హాలు మీరు తుడుచుకోండి."

నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ చేతులతోనే రోజూ ఆవిడ వీపు రుద్దుతూ, కూరగాయల ధరలు చెప్పాను, పక్కింటి వాళ్ళ గొడవలు చెప్పాను. ఆవిడ గోడ వైపు ఎందుకు తిరిగి కూర్చునేదో ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అంత సిగ్గులోనూ, తలుపు అవతల ఆవిడ ఒక్కతే క్షేమంగా నిలబడి ఉందని ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంజనీరు చేతిలోంచి ఫారం తీసుకుని, బాత్రూం బాగుంది అన్నచోట సంతకం పెట్టాను. తర్వాత నలుగురం తలో గుడ్డా పట్టుకుని హాలు తుడిచాం. ఇంజనీరు సోఫా కింద తుడిచాడు. మేస్త్రి రెండు కళ్ళూ తెరుచుకుని మూలలన్నీ తుడిచాడు. పూర్తిగా పొడిగా అయిందని మావారు చెప్పేదాకా గడియ తియ్యలేదు ఆవిడ.

తీశాక చూస్తే, రవిక గుండీలు తనే పెట్టుకుంది. ఒకటి తప్పిపోయి, పై గుండీ కింది కాజాలోకి వెళ్ళింది. నలభై ఏళ్ళు గుండీలు కుట్టిన మనిషి. సరిచేద్దామని నా చెయ్యి దానంతట అదే లేచింది. వెనక్కి తీసుకున్నాను.

"సబ్బు అందిందా అత్తయ్యా?" అన్నాను.

"పైనుంది. కాస్త కష్టపడ్డాను" అంది. "అందుకున్నాను."