దొరవారి పడవకు అనాస డబ్బాలు

ద్రాక్షసారాయి సీసాలకు గడ్డి చుట్టడం పట్టాభిషేకమంత ఘనకార్యమే కాబోలు, లేకుంటే కొట్లో ఇంత కోలాహలమెందుకు, శనివారం మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, శుక్రవారమే దొరవారు సొంత పడవలో ఇంగ్లండుకు విజయం చేస్తున్నారు, నెలల ప్రయాణంలో మలయా రుచి మరవకూడదట, అందుకే ఫ్రాన్సు సీసాల సరసన జాజికాయ ఊరగాయ, ఎండురొయ్యలు, పెట్టెల నిండా అనాస డబ్బాలు, అని కాంతయ్య మురిసిపోతున్నాడు, జార్జ్ టౌన్ రేవులో పడవలకు సరుకులు సర్దే ఈ నౌకరీ నిలిస్తే చాలు, భార్య రత్నావతిని బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలోని ముళ్లకంచె దాటించి తెచ్చుకోవచ్చు, నన్నెప్పుడు తీసుకెల్తావు మావా, గేటుకాడ సిపాయిలు అన్నంగిన్నె కూడా మూతెత్తి సూస్తన్నారు, అని మొన్న బయల్దేరేటప్పుడు ఆమె అడిగింది, వచ్చే నెలే లా, అన్నాడు తాను, వచ్చే నెల, ఎంత తియ్యని మాట, ఇంతకీ ఈ తీపి వాసన ఎక్కడిది, కాలికింద ఈ జిగురేమిటి,

ఏటి సేసినావురా కాంతయ్యా, అని యజమాని లారెన్స్ కేక, అప్పుడు చూసుకున్నాడు, ఒక చేత మేకు, ఒక చేత సుత్తి, ప్రతి డబ్బా నెత్తినా చిల్లు, కారుతున్న పాకం, మొన్నటిదాకా తాను పనిచేసిన తోట కొట్లో అమ్మిన ప్రతి డబ్బాకూ కొన్నవాడి ఎదుటే చిల్లు పొడవాలని సర్కారు ఆన, చిల్లుపడ్డది నిలవుండదు, నిలవుండనిది అడవిలోని తిరుగుబాటుదార్లకు చేరదు, ఆ మహాసంగ్రామంలో ఏళ్ల తరబడి కాంతయ్యే సేనాని, మేకే ఖడ్గం, సార్డీన్ చేపల డబ్బాలే శత్రుసైన్యం, కానీ ఇక్కడ ఆ ఆన లేదు, ఎవరూ పొడవమనలేదు, ముదలాళీ, సెయ్యి తనంతట అదే పొడిసేసినాది, అన్నాడు కాంతయ్య యజమానితో, అలాగా, జీతం నీకిచ్చినానా, నీ సేతికిచ్చినానా, నడిసముద్రంలో దొర ఏటి తింటాడు, పాకానికి పట్టిన సీమల్నా, రేపట్నించి రాకు లా, ఆ సేతిని కూడా అట్టుకుపో,

పోవాలి, ఎక్కడికి, తోటకే, రత్నావతికేం చెప్పాలి, పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవులో ఇంకో కొట్టు దొరకదా, అక్కడ చేతులు కట్టుకుని, కట్టుకుని ఏం పని చేస్తాడు, వీధిలో తోరణాలు కడుతున్నారు, ఎవరో మెర్దెకా అని అరిచారు, జనమంతా అందుకున్నారు, తానూ అరవబోయాడు, నోరు తెరిచాడు, తెరిచి అటూ ఇటూ చూశాడు, ఎవరి కోసం, అరవవచ్చునని సెలవిచ్చేవాడి కోసం, ఎవడూ లేడు, వద్దనేవాడు సైతం లేడు, అయినా నోరు దానంతట అదే మూసుకుంది, అప్పుడు తెలిసింది కాంతయ్యకు, రత్నావతిని ఏ ఊరు తెచ్చినా ఆమె కాపురం చేయవలసింది ఒక కాపలావాడితోనే.