అత్త ఊదిన ఊపిరి

సమ్మమ్మ నోరు చేస్తే హసన్‌పర్తి చెరువు అవతలి గట్టుకు సుత వినపడ్తది. ఆ నోటికి జవాబు చెప్పగలిగిన మనిషి లోకంల ఒక్కతే, కోడలు యమున. పెండ్లయి వచ్చిన కాన్నుంచి పొద్దున లొల్లి లేంది ఇద్దరికీ చాయ్ దిగకపోయేది. అత్త ఒకటంటే కోడలు దమ్ము తీస్కోకుండ నాలుగనేది.

గసొంటి కోడలు పోయినేటి నుంచి సగం మాటల ఆగిపోతాంది, గోడకు ఒరుగుతాంది. ముందుగాల, ఆమె కూలికి పోయే ఎనుమాముల మార్కెట్ యార్డుల మిర్చి ఘాటు అనుకున్నరు. వరంగల్ దవాఖానల డాక్టర్ శ్రీలత పరీక్షలన్నీ చేసి, ఊపిరితిత్తుల్ల బుగ్గల లెక్క సంచులు పుట్టే రోగమిది, లక్షల్ల ఒకరికి, అదీ ఆడోళ్లకే వస్తదని చెప్పింది.

"కాన్పులు ఆడోళ్లకే, కట్టెల పొయ్యి ఆడోళ్లకే, ఇగ ఇది సుత ఆడోళ్లకేనా? మొగోళ్లకు దేవుడు ఏం పెట్టిండు మల్ల?" అని సమ్మమ్మ డాక్టరమ్మ మీదనే లొల్లికి దిగింది.

ఈ రోగం ఎట్ల ముదురుతదో డాక్టరమ్మ పరిశోధన చేస్తాంది. యమునకు ఒక ఊదుడు మిషన్ ఇచ్చి ఇంటికి తోలింది. రోజూ పొద్దున మూడుసార్లు ఊదాలె, దమ్ము ఎంతుంటే అంత నంబరు పడ్తది, మూడిట్ల పెద్దది ఫోన్ల నుంచి డాక్టరమ్మకు పోతది.

ఆ నంబరు దిగుకుంట వస్తాందని సమ్మమ్మ కనిపెట్టింది. ఆమె పెనిమిటికి గిట్లనే నంబర్లు దిగితే, "ఇగ ఇంటికి తీస్కపోండ్రి" అని దవాఖానోళ్లు చేతులెత్తేసిన్రు. కోడలిని సుత గట్లనే తోలేస్తరని ఆమెకు ఒకటే భయం. యమున రెండుసార్లు ఊదంగనే ఆయాసమొచ్చి మంచంల ఒరిగేది. "రెండు చాలు, మిషన్ నేను తుడిచి పెడ్త తియ్యి" అని సమ్మమ్మ వంటింట్లకు తీస్కపోయి మూడోది తనే ఊదేది.

వానలు పడంగ మళ్ల దవాఖానకు పోయిన్రు. డాక్టరమ్మ కంప్యూటర్ల యమున నంబర్ల గీత చూసుకుంట మురిసిపోతాంది.

"యమునా, నీ గీత పైకి ఎక్కుతాంది. ఈ రోగంల ఇట్ల నేనెన్నడూ చూడలే. హైదరాబాద్ మీటింగుల నీ గురించే చెప్త. గీత దిగితే గోలీలు మొదలుపెడ్దామనుకున్న, అవి రోగాన్ని ముదరనియ్యవు. కానీ అది గట్టి మందు, నీకిప్పుడు అవసరం లేదు."

సమ్మమ్మకు అప్పుడు సమజైంది. కోడలి మందు తన చేతులతోని తనే ఆపింది. చెప్పకపోతే కోడలు దక్కదు. చెప్తే, కోడలంటే తనకు పాణమని కోడలి ముందటనే ఒప్పుకున్నట్టు. ఇన్నేండ్ల ఇజ్జత్ గంగల కలుస్తది. పక్కకు చూస్తే యమున సంతోషంతోని నవ్వబోయి, నవ్వలేక దగ్గుతాంది.

"బిడ్డా, ఆ మిషన్ జర ఇటియ్యి" అన్నది సమ్మమ్మ డాక్టరమ్మతోని. బల్ల మీది మిషన్ గుంజుకొని, వాడకట్టునంతా తిట్టేటంత దమ్ము తీసి ఊదింది.

గీత మీదున్న నంబరే మిషన్ల పడ్డది. డాక్టరమ్మ గీతను చూసింది, సమ్మమ్మను చూసింది. హైదరాబాద్ మీటింగు అక్కడికే సల్లవడ్డది.

"ఈ వయసుల ఇంత ఊపిరి ఎక్కడిదమ్మా నీకు?"

"రోజూ లొల్లి పెట్టుకుంటె వస్తది."

"ఎందుకు ఊదినవత్తా?" అని యమున అడిగింది.

సమ్మమ్మ కిటికీ దిక్కు మొహం తిప్పుకున్నది. "నువ్వు పోతే ఇంట్ల నాకు ఎదురు మాట్లాడేటోళ్లు ఎవరున్నరే?"

గోలీలు మొదలైనయి. పోయిన ఊపిరంతా తిరిగి రాదు, ఉన్నది నిలవడ్తే అదే మస్తు అని డాక్టరమ్మ చెప్పింది. మిషన్ ఇప్పుడు యమున దిండు కింద ఉంటాంది, అత్త చేతికి అందదు. అయినా సమ్మమ్మ పరీక్ష సమ్మమ్మకున్నది. దసరా దాటినంక ఒకనాడు బువ్వ తినుకుంట, "ఏం పప్పే ఇది, ఉప్పు లేదు, కారం లేదు" అన్నది.

"పప్పుల ఉప్పూ ఉన్నది కారమూ ఉన్నది గని అత్తా, పొద్దుగాల్నుంచి తిట్టి తిట్టి నీ నాలుకకే రుచి పోయింది, జర నోరు కడుక్కొని వచ్చి మళ్ల తిను" అన్నది యమున, ఎక్కడా ఆగకుండ, ఒక్క దమ్ముల.

సమ్మమ్మ దగ్గర దానికి మంచి జవాబే ఉండె. దాన్ని మింగేసింది. "కారం బాగనే ఉన్నది తియ్యి" అని కండ్లు తుడుచుకొని, ఇంకో ముద్ద కలుపుకున్నది.