సగము మిగిలిన యూరేగింపు

హేమంతమునకు వీడ్కోలు చెప్పి శిశిరము అడుగుపెట్టిన మాఘమాస ప్రభాతవేళ శారదానదీ తీరక్షేత్రములయందు చెరకు గానుగలు తెరపిలేక తిరుగుచు విశాలములైన పెనములలో నురుగులు గ్రక్కుచు కాగుచున్న రసము యొక్క కమ్మని పరిమళము మంచుతెరలతో కలసి అనకాపల్లి పట్టణమునందలి వీధివీధిని నిండియుండగా వాకిలి వాకిలికిని పచ్చని పందిళ్లు లేచుచుండెను. బెల్లమునకును పెండ్లిండ్లకును ఒక్కటే ఋతువగుట ఆ యూరివారి యదృష్టము. తీపి తినుటకు పిలిచినదే తడవుగా పోవు నా బోంట్లకు మరింత యదృష్టము.

అట్టి పెండ్లిండ్లకు టాపు లేని కారు నద్దెకిచ్చి తానే నడుపుచు బ్రతికిన కాండ్రేగుల నూకరత్నమను నలుబదేండ్ల వనిత ఆ యూర కలదు. చదువరులు గ్రహింపవలసిన విశేష మొక్కటి. ఊరేగింపు కారు పరుగెత్తవలసిన వాహనము కాదు. బ్యాండుమేళము వెనుక నడువవలసినది. మేళము ప్రతి కూడలియందును నిలిచి పాట ముగియువరకు కదలదు. పెండ్లికుమారుని స్నేహితులు చిందులు చాలింపనిదే పాట ముగియదు. క్రోసెడు దూరమునకు మూడు గంటలు పట్టుట కద్దు.

ఈ సత్యమును విస్మరించియే నూకరత్నము మూడేండ్లకు పూర్వము సింహగర్జనమువంటి చప్పుడుగల పెద్ద యింజను గేరుబండి నొకదానిని మోజుపడి తెచ్చి బెల్లపు వర్తకుడైన సన్యాసిరావుగారి జ్యేష్ఠపుత్రిక మంగవేణి యూరేగింపునకు నియోగించెను. అడుగడుగునను క్లచ్చు సగము నొక్కి సగము వదలుచు నడిపిన ఫలముగా సరిగా సగము దారిలో బెల్లపు మార్కెట్టు మలుపున క్లచ్చు పలకలు మాడి పొగలెగసి ఆ బండి మొరాయించెను. సర్వాభరణభూషితయైన నవవధువు నడివీధిలో దిగి వరునితోకూడ ఆటోరిక్షా నెక్కి కల్యాణమండపము చేరవలసి వచ్చెను. సాయము చేయువారికంటె సెల్‌ఫోను లెత్తి చిత్రములు తీసినవారే యెక్కువ. నూకరత్నమునకు తల కొట్టివేసినట్లయ్యెను. ఆమె బండి నమ్మివైచి నాటినుండి యొక పాఠశాల వ్యాను నడుపుచు వచ్చెను.

ఇప్పుడు ఆ వర్తకుని కనిష్ఠపుత్రిక చంద్రకళ పెండ్లి తొమ్మిది దినములలో నున్నది. ఆ యూరేగింపు తనకే యిమ్మని నూకరత్నము పట్టువదలక యడిగెను. అది చక్కగా సాగెనేని ఆమె వృత్తి ఆమెకు దక్కును. సాగకున్నచో ఆ యూర ఆమె కారెక్కు వధువు మరి యుండదు.

“మళ్లీ నువ్వేటే?” అని సన్యాసిరావుగారు కనుబొమలు ముడిచెను. “మా పెద్దమ్మాయి నీకే ఇమ్మంటంది గనక ఒప్పుకుంటన్నాను. ఒక్కటే మాట. ఎర్ర బండి కావాల. స్టార్టు సేస్తే ఈది అదిరిపోవాల.”

మరునాడే ఆమె అప్పలకొండ యను వృద్ధ మెకానిక్కును ఒక డోలువానిని ఒక బూరవానిని వెంటనిడుకొని విశాఖపట్టణమున పాత కార్లమ్ము భాగ్యరాజు ప్రాంగణము చేరెను. అచ్చట టాపు లేని కార్లు రెండు కలవు. మొదటిది ఆరు సిలిండర్ల మహాయంత్రముతో ధగధగలాడు రక్తవర్ణపు కారు. రెండవది నాలుగు సిలిండర్ల సాధారణ యంత్రముతో వెలసిన మీగడరంగు కారు. ఎర్రదాని యింజను మ్రోగింపగానే ప్రహరిగోడపై కాకులు లేచిపోయెను. నూకరత్నము మనస్సొక క్షణము చలించెను. నిజము చెప్పవలయునన్న నాకును అదియే నచ్చినది.

“ఇది ఆటోమేటిక్ మేడమ్. క్లచ్ పెడలే లేదు, ఇంక కాలడానికేముంది?” అని భాగ్యరాజు నవ్వెను.

“పెడలు లేదు సరేనండి. లోపల పలకలున్నాయా, నూనుందా?”

భాగ్యరాజు బానెట్టు తుడువసాగెను. ఆటోమేటిక్కులయందును జాతిభేదము కలదు. కొన్నింట మనుష్యుని పాదము చేయు పనిని యంత్రమే చేయుచు లోపల క్లచ్చు పలకలను ఒరయించుచునే యుండును. రాజమార్గమున దూసుకొనిపోవువానికి అది చాలును. మరికొన్నింట ఇంజను బలము సుడితిరుగు నూనెద్వారమున చక్రములకు చేరును గనుక గంటలకొలది నత్తనడక నడచినను పలకలు ఒరసి మాడవు. పలకలు మాడుట కన్నులార చూచిన స్త్రీకి ఈ భేదము వేరొకరు బోధింపవలసిన పని లేదు.

“మీరేటనుకోకండి. రెండు బళ్లూ మేళం ఎనకాల నడిపి సూస్తాను,” అని యామె పలికి డోలువానికి సైగచేసెను.

మిట్టమధ్యాహ్నపు టెండలో ఆ ప్రాంగణము వెనుకనున్న నిర్జనమార్గమున డోలును బూరయు మ్రోగుచుండగా పెండ్లిగాని పెండ్లి యొకటి బయలుదేరెను. నూకరత్నము డోలువాని మడమలనుండి చూపు మరల్పక వాడు కదలిన కదలుచు నిలిచిన నిలుచుచు ఎర్రకారును నడిపెను. నలుబది నిమిషములు గడచుసరికి ఆ మహాయంత్రము తన వేడికి తానే తాళలేక పంకా హోరెత్తించెను. బండి యంతయు వణకెను. గేరుపెట్టె వేడెక్కినదని అద్దము క్రింద హెచ్చరిక దీపము వెలిగెను. అంతట నూనెద్వారమున బలము చేరు జాతిదైన మీగడరంగు కారు వంతు వచ్చెను. అది రెండు గంటలు నడచెను. బూరవాని బుగ్గలు అలసినవి గాని యింజను అలయలేదు. అప్పలకొండ గేరుపెట్టెనుండి తీసిన పుల్లకంటిన నూనెను వ్రేలికి రాచి వాసన చూచెను.

“మాడు వాసన లేదమ్మాయ్. సిన్నింజనే గాని ఇద్దరు పెళ్లోళ్లనీ నలుగురు పిల్లల్నీ మొయ్యడానికి ఇది సాలు. ఎర్రది నీకు పేరు తెస్తాది. ఇది నిన్ను గుమ్మం దాకా తెస్తాది.”

“పేరు మూడేళ్ల కిందటే తెచ్చుకున్నాను గదా, బాబాయ్. ఇదే తీసుకుందాం.”

మీగడరంగు కారు తన వాకిట నిలుచుట చూచి సన్యాసిరావుగారు మండిపడెను. “ఇదేటిది? ఈ బండి నాకొద్దు. తీసుకెళ్లిపో!”

నూకరత్నము చేతులు కట్టుకొని నిలిచెనే గాని యడుగు కదపలేదు. “ఎర్రది నడిపి సూసేను బాబూ. మార్కెట్టు మలుపు దాటదు. దాటని బండి తెచ్చి మళ్లీ మీ పిల్లని ఈదిలో దింపలేను.”

అరుగుపై రెండేండ్ల బిడ్డ నెత్తుకొని యున్న మంగవేణి అంతట నోరు విప్పెను. “నాన్నా, ఆ రోజు దిగింది నేను. అంతమంది ముందు. చెల్లి దిగకుండా ఉంటే చాలు నాకు, బండి ఏ రంగైతేనేం?”

తండ్రి కూతురి ముఖము చూచి, కారును వాకిటనే యుంచుమని చేయి చూపెను.

పెండ్లినాటి సాయంసమయమున మల్లెలు బంతులు కప్పుకొని మీగడరంగు కారు బయలుదేరెను. జనులు గుసగుసలాడిరి. కొందరు ముందుగానే ఫోను లెత్తి మార్కెట్టు మలుపున మాటువేసిరి. అచ్చటనే మేళగాండ్రు నిలిచి మూడు పాటలు వాయించిరి. స్నేహితులు చిందులు వేసిరి. కారు ఆ మూడు పాటలను విని నాలుగవ పాటకు మెల్లగా కదలెను. ఫోను లెత్తినవారు వానిని జేబులలో పెట్టుకొనిరి. రాత్రి తొలి జామున చంద్రకళ మండపద్వారమున సగౌరవముగా దిగి లోనికి పోయెను. ముహూర్తమునకు ఇంకను చాల వ్యవధి యుండెను.

నూకరత్నము ఇంజను ఆపలేదు. మంగవేణివైపు తిరిగి వెనుక తలుపు తెరచి పట్టుకొనెను.

“ఎక్కండమ్మా. మీ ఆయన్నీ ఎక్కమనండి. మీది సగం ఉండిపోనాది.”

మంగవేణికి కన్నులు నిండెను. సన్యాసిరావుగారు పెద్దల్లుని భుజముపై చేయివైచి కారువైపు నడిపించి తానే మేళగాండ్రను కేకవేసెను. దంపతులను బిడ్డను కూర్చుండబెట్టుకొని కారు మరల మార్కెట్టు మలుపునకు పోయి మూడేండ్ల క్రిందట పొగలెగసిన ఆ చోటనే నిలిచెను. మేళము మొదలయ్యెను.

అట మొదలుకొని మండపమువరకు సాగిన ఆ యర్ధయాత్రయందు మంగవేణి నవ్వుచు నేడ్చుచు వీధి కిరువైపుల చూచుచుండెను. వీధివారు ఆమెను చూచుచుండిరి. నూకరత్న మెవ్వరినిని చూడలేదు. ఆమె చూపు డోలువాని మడమలమీదనే యుండెను.