వంటింట్లో ఇంటర్వ్యూ

మూడేళ్ళు దాటినా ఆ ఇంట్లో ఆమెను కొత్తపిల్ల అనే పిలుస్తారు. తన తరవాత ఎవరూ అద్దెకు రాలేదు మరి. వస్తే ఆ పేరు వాళ్ళకు అంటగట్టి బతికిపోదామని చూస్తోంది. పరాయి దేశంలో పీహెచ్‌డీ చేసేవాళ్ళ ఇల్లది. మూడు గదులు, ముగ్గురు మనుషులు, ఒకటే వంటిల్లు. ఫ్రిజ్‌లో మనిషికో అర. హీటరు ఎప్పుడు వెయ్యాలన్న దానిమీద మాత్రం ఏటా చలికాలంలో చిన్నపాటి యుద్ధం.

ఆ ఇంటికో ఆచారం ఉంది. ఎవరైనా ఫెలోషిప్ ఇంటర్వ్యూకి వెళ్ళబోతుంటే, వారం ముందు మిగిలినవాళ్ళు వంటింటి బల్లకు అటువైపు కూర్చుని కమిటీ అయిపోతారు. దయాదాక్షిణ్యాలు ఉండకూడదు. అసలు కమిటీ అడగబోయే ప్రశ్న ఏదీ వంటింట్లో అడక్కుండా మిగిలిపోకూడదు. ఇది పెద్దక్క పెట్టిన నియమం. పెద్దక్కంటే తోడబుట్టిన అక్క కాదు. కొత్తపిల్ల ఈ ఊళ్ళో బస్సు దిగి దిక్కులు చూస్తున్న రోజున ఎదురొచ్చి, సూట్‌కేసు లాక్కుని ముందు నడిచిన మనిషి. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో, ఏ ఇంటాయన అడ్వాన్సు ఎగ్గొడతాడో, వేసవిలో స్టయిపెండ్ ఆగిపోతే ఏ పని దొరుకుతుందో అన్నీ ఆవిడే చెప్పింది.

ఈసారి చిక్కేమిటంటే, ఆఖరి ఏడాది ఫెలోషిప్ ఒక్కటే ఉంది. దానికోసం నిలబడిన ఇద్దరూ ఆ ఇంట్లోవాళ్ళే, పెద్దక్కా కొత్తపిల్లా. రానివాళ్ళకు డబ్బు ఆగుతుంది. డబ్బు ఆగితే వీసా ఆగుతుంది. ఆ తరవాత థీసిస్ సగంలో వదిలేసి పెట్టె సర్దుకోవడమే.

"అయితే ఏంటి? మన పద్ధతి మనదే" అంది పెద్దక్క.

"నన్ను మధ్యలో పెట్టి నలిపెయ్యకండి తల్లుల్లారా" అంటూనే లెక్కలాయన ఛైర్మన్ కుర్చీలో సర్దుకున్నాడు. ఆయన ఆ ఇంట్లో మూడో మనిషి, లెక్కల్లో పరిశోధన చేస్తాడు.

ముందు కొత్తపిల్ల వంతు. కాల్చకుండా చేసే చవక ఇటుకలు ఆమె పరిశోధన.

"నీ ఇటుకలతో కట్టిన ఇంట్లో నువ్వు కాపురం చేస్తావా?" అని అడిగింది పెద్దక్క.

కొత్తపిల్ల ఇటుక ఖరీదు చెప్పబోయింది. పెద్దక్క వదల్లేదు. ఉంటే ఎందుకుంటావు, ఉండకపోతే జనాన్ని ఎందుకుండమంటున్నావు అని గుక్క తిప్పుకోనివ్వకుండా అడిగింది. పోటీకి ఉన్నాను కాబట్టే కక్షగట్టి అడుగుతోందని కొత్తపిల్లకు ఒళ్ళు మండిపోయింది. తీరా చూస్తే, లెక్కలాయన లేచి వెళ్ళాక ఆ పెద్దక్కే పక్కన కూర్చుని, జవాబు గాడిన పడేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించింది.

మర్నాడు పెద్దక్క వంతు. ఎన్నో ఊళ్ళ బావినీళ్ళు పరీక్షించి, అవి ఏడాది పొడుగునా తాగడానికి పనికొస్తాయని తేల్చింది ఆవిడ. ఆ రిపోర్టు కొత్తపిల్ల ముందే చదివింది. అందులో ఓ బొక్క కూడా పట్టుకుంది. నీళ్ళన్నీ వానలు పడ్డాక తీసినవే. ఎండాకాలంలో బావి అడుగంటినప్పుడు నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంత చిక్కబడతాయో ఎక్కడా లేదు. ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది.

"అడగవే, మొహమాటం దేనికి?" అంది పెద్దక్క.

"బావుల దగ్గరికి... ఊళ్ళోవాళ్ళు రానిచ్చారా అక్కా?"

ఇంత చప్పటి ప్రశ్న ఆ వంటింట్లో ఎన్నడూ పుట్టలేదు. పెద్దక్క నవ్వేసి ఏదో చెప్పింది. లెక్కలాయన టీ పెట్టడానికి లేచాడు.

ఇంక ఆ వారమంతా కొత్తపిల్ల కాలుకాలిన పిల్లిలా తిరిగింది. నేనేం అబద్ధం చెప్పలేదు కదా అనుకుంది. అడక్కపోవడం తప్పెలా అవుతుందని తనతో తానే వాదించుకుంది. తనను తాను గెలిపించుకోవడంలో ఆమె గట్టి ప్లీడరే, అయినా తిన్నది ఒంటబట్టలేదు. పెద్దక్క గది తలుపు దాకా వెళ్ళడం, ఉప్పు ఉందా అని అడిగి వెనక్కి రావడం. అయిన దానికీ కాని దానికీ లెక్కలాయన మీద కస్సుమనడం.

ఇంటర్వ్యూ రోజున ఇద్దరూ కమిటీ గది బయట బెంచీమీద కూర్చున్నారు. ముందు పెద్దక్కను పిలుస్తారు. అప్పుడిక కొత్తపిల్ల ఉండబట్టలేకపోయింది.

"అక్కా, నీ నీళ్ళన్నీ వానల తరవాత తీసినవే. ఎండాకాలం సంగతేంటని అడిగితే?"

పెద్దక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇప్పుడు తట్టిందా నీకు?"

కొత్తపిల్ల తల వంచుకుంది.

"ఎండాకాలం సీసాలు ల్యాబ్ ఫ్రిజ్‌లోనే ఉన్నాయే. తరవాత చూద్దాంలే అని పెట్టి మర్చేపోయాను. ఆ రోజే అడిగి ఉంటే ఈ వారంలో పరీక్ష చేసేసేదాన్ని."

తలుపు తెరుచుకుంది. పెద్దక్కను లోపలికి రమ్మన్నారు.

కొత్తపిల్ల బెంచీమీద కూర్చోలేకపోయింది. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. అడగకూడదు, ఆ ప్రశ్న వాళ్ళకు తట్టకూడదు అని ఊరూపేరూ తెలియని దేవుళ్ళందరికీ మొక్కుకుంది. తన ఫెలోషిప్ సంగతే గుర్తులేదు.

పెద్దక్క బయటికొచ్చింది.

"అడిగారా?" అంది కొత్తపిల్ల.

"లేదు. ఒక్కరికీ తట్టలేదు."

"హమ్మయ్య!"

"నేనే చెప్పాను."

"అయ్యో, ఎందుకు చెప్పావక్కా?"

పెద్దక్క ఆమె వంక నిజంగానే అర్థంకానట్టు చూసింది.

"తెలిశాక ఎలా ఊరుకుంటానే?"

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఉంటే కొత్తపిల్లకు కాస్త బాగుండేది. లోపలినుంచి పిలుపు వచ్చింది. ఆమె కదల్లేదు.

"నిన్నే పిలుస్తున్నారు, వెళ్ళు. ఆ నీళ్ళు నువ్వు తాగుతావా అని నన్నడిగారు, నీ ఇటుకల ఇంట్లో ఉంటావా అని నిన్నూ అడుగుతారు. జవాబు నీకు బాగా వచ్చు కదా" అని పెద్దక్క ఆమెను తలుపు వైపు నెట్టింది.