దొరసాని ముక్కు మీద ఎరుపు

నా ఉద్యోగం ఎలుకల్ని చంపడం. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. రేవులో ధాన్యం గోదాములకి మందు పెట్టే కాంట్రాక్టరు దగ్గర పందొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. సాయంత్రం నూకల్లో మందు కలిపి బస్తాల సందుల్లో పెడతాను, పొద్దున్నే వెళ్లి చచ్చినవాటిని ఏరుకొస్తాను. వీరన్న పేరు చెబితే పందికొక్కులు దండం పెడతాయని మావాళ్ల వేళాకోళం.

అలాంటివాడి ఇంట్లో ఎలుక పెరిగిందంటే తప్పు నాది కాదు, మా ఆవిడ పద్మావతిది. ఆమె ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబు అటెండరు. తొంభయ్యారు మార్చిలో పరీక్షలైపోయాక మిగిలిన తెల్ల ఎలుకపిల్లని టిఫిన్ క్యారేజీ పైగిన్నెలో పెట్టి తెచ్చింది.

"ఉంచితే కోసేత్తారంట. రెండ్రోజులుంచుదాం," అంది.

మర్నాడు నాకు అదే గిన్నెలో పెరుగన్నం పెట్టింది. ఆ రెండ్రోజులు రెండున్నరేళ్లయ్యాయి. మాకు పిల్లల్లేరు. ఆ మాట ఇక్కడ ఒక్కసారి చెప్పి వదిలేస్తున్నాను, ఎవరూ జాలిపడక్కర్లేదు.

దానికి దొరసాని అని పేరు పెట్టాం. తెల్లతోలు, ఎర్రకళ్లు, టీలో ముంచితే గాని బిస్కట్టు ముట్టని పొగరు. సాయంత్రం నేను రాగానే భుజమెక్కి, చెవిలో ముక్కుపెట్టి ఏదో వెతుక్కునేది. అయితే సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుంటే గాని పద్మావతి నన్ను దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

పక్కవాటాలో ఉండే ఎల్లారావుకి ఇదంతా పెద్ద సినిమా. "ఏటి బావా, పగలు సంపుతావ్, సాయంత్రం ముద్దు సేత్తావ్. యముడు కూడా ఇలాటి యాపారం సెయ్యడు," అనేవాడు. వాడి మొహం, వాడికి యముడి సంగతేం తెలుసు.

మా ఇల్లు రేవుకి దగ్గర. ఓడలకి ఇనుప ఖనిజం ఎత్తినప్పుడల్లా ఎర్రధూళి లేచి మా మీదికొస్తుంది. తెల్లపంచె ఆరేస్తే సాయంత్రానికి కాషాయమై, సన్యాసం పుచ్చుకోమంటుంది. పద్మావతి కిటికీ గట్టు రోజుకి నాలుగుసార్లు తుడుస్తుంది. తుడిచిన ప్రతిసారీ "దీని నోట్లో మన్నుపడ" అని తిడుతుంది. మన్ను నోట్లో మన్నెలా పడుతుందో అడిగే ధైర్యం నాకు లేదు.

తొంభయ్యెనిమిది జూన్‌లో దొరసాని ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ ఎరుపు కనబడింది. బోను కిటికీ పక్కనే ఉండేది. ఊరంతా ఎర్రబడుతుంటే ఎలుక ముక్కు ఎర్రబడటంలో వింతేముంది? పద్మావతి గట్టు తుడిచిన చేత్తోనే తడిగుడ్డతో దాని మొహమూ తుడిచేది. మర్నాటికి మళ్లీ ఎరుపు, మళ్లీ తుడుపు. అది భుజమెక్కడం మానేసింది, బొచ్చు నిక్కబొడుచుకుని మూల ముడుచుకు కూర్చునేది. ఒళ్లు చేసిందనుకున్నాను. ఊపిరి తీస్తుంటే గురగురమనేది. "ముసల్దయిపోనాది, మనం అవ్వట్లేదేటి," అంది పద్మావతి. రోజూ గోదాములో ఎలుకల్ని చూసేవాణ్ణి, నా ఇంట్లోదాన్ని సరిగా చూడలేదు.

ఆగస్టులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఒకటే వాన. ఖనిజం ఎత్తడం ఆగిపోయింది, లోకమంతా కడిగిన పళ్లెంలా ఉంది. మూడోరోజు పొద్దున్న పద్మావతి గుడ్డ పట్టుకుని బోను ముందు అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, ఇటు రండి. గట్టు మీద ధూళి లేదు. దీని మొకం మీదకెలాగొచ్చింది?"

వెళ్లి చూశాను. ముక్కు కింద ఎర్రగా, తడిగా ఉంది. అలాంటి ముక్కుల్ని నేను వేలసార్లు చూశాను. నేను పెట్టే మందు తింటే నెత్తురు గడ్డకట్టదు, ముక్కులోంచి కారి చస్తాయి. నా చేతులకేసి చూసుకున్నాను. ఎందుకంటే పదిహేను రోజుల కిందట నేను చేతులు కడుక్కోకుండానే దానికి బిస్కట్టు అందించాను. బద్ధకం, అంతే. పద్మావతి అప్పుడు పెరట్లో ఉంది.

చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. టిఫిన్ క్యారేజీ పైగిన్నెలో పాత తువ్వాలు పరిచి, దొరసానిని అందులో పడుకోబెట్టి, గొడుగు తీసుకుంది. "నడండి," అంది. తిడితేనే బాగుండేది.

పశువుల ఆసుపత్రిలో మా ముందు ఒక గేదెదూడ, దాని ముందు ఒక కుక్క. కాంపౌండరు చీటీ రాస్తూ, "జంతువేటి?" అన్నాడు.

"ఎలక," అన్నాను.

"కరిసిందా?"

"లేదు. దానికి ఒంట్లో బాగోలేదు."

అతను కలం కింద పెట్టాడు. "ద్వారకా నగర్‌లో బోన్లమ్ముతారు కదా, ఇటొచ్చారేటి?"

పద్మావతి అతనికేసి ఒక చూపు చూసింది. చీటీ రాసిచ్చాడు.

లోపల డాక్టరు నర్గీస్ అని కుర్రపిల్ల. ఆమె మూత తీసేలోపే నేను మొదలెట్టాను. "అమ్మా, కె విటమిన్ సూదేసీండి. నాను గోదాముల్లో ఎలకల మందు పెడతాను. దానికి ఇరుగుడదే. నా సేతులతోనే పెట్టీసాను దీనికి."

"ముందు చూడనివ్వండి బాబాయ్," అందామె. "మా కాలేజీలో రెండేళ్లు తెల్ల ఎలకల గదిలో పనిచేశాను."

దొరసాని పాదాలు తిరగేసి చూసింది, పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది. స్టెతస్కోపు పెడితే ఎలుక సగం దాని కిందకి పోయింది. తర్వాత తడిదూదితో ముక్కు తుడిచి, ఆ దూది నా చేతిలో పెట్టింది. "వేళ్ల మధ్య రుద్దండి."

రుద్దాను. మెత్తగా జారింది.

"ధూళైతే గరగరలాడాలి. విషమైతే చిగుళ్లు, పాదాలు పాలిపోవాలి, గులాబీరంగులోనే ఉన్నాయి. ఇది నెత్తురు కాదండీ, కన్నీళ్లు. ఎలకల కన్నీళ్లలోనే ఈ ఎరుపుంటుంది. బాగున్నప్పుడు ఎప్పటికప్పుడు మొహం కడిగేసుకుంటాయి, మనకి కనబడదు. జబ్బుచేసి, కడుక్కునే ఓపిక లేనప్పుడే ఇలా నిలిచిపోతుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"రెండు నెలల్నుంచి తుడుస్తన్నామమ్మా," అంది పద్మావతి. "ధూళనుకుని." ఆమెకి మాత్రం మామూలు రంగు కన్నీళ్లే వచ్చాయి. నేను చంపలేదన్న సంతోషం నాకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. రెండు నెలలు అది మా కళ్లముందు ఏడిస్తే, మేం రేవుని తిట్టుకుంటూ కూర్చున్నాం.

"ముసలిదే, ఎన్నాళ్లుంటుందో చెప్పలేను," అంది డాక్టరు. "మందు పడితే తేలిగ్గా ఊపిరి తీసుకుంటుంది. కిటికీ దగ్గర మాత్రం పెట్టకండి."

రోజుకి రెండుపూటలా రెండేసి చుక్కలు. పందొమ్మిదేళ్లుగా ఎలుకలకి మందు పెడుతున్నవాణ్ణి, ఒక్క ఎలుకచేత మందు మింగించలేకపోయాను. మొదటిరోజు నా మొహాన ఉమ్మింది, రెండోరోజు వేలు కొరికింది. "ఇన్నాళ్లకి ఒక ఎలకైనా నీకు బుద్ది సెప్పింది బావా," అన్నాడు ఎల్లారావు. చివరికి పద్మావతి చుక్కల్ని మీగడలో కలిపి పెడితే దొరసాని కిక్కురుమనకుండా నాకేసింది. బోను వంటింటి మూలకి మార్చాం, తలుపు మాత్రం ఎప్పట్లాగే తీసే ఉంచేవాళ్లం. కిటికీకి తడిచీర కట్టాం. రోజూ పొద్దున్న దాని మొహం తుడిచి, దూదిని వేళ్ల మధ్య రుద్ది చూసుకోవడం నాకు అలవాటైంది. రోజూ మెత్తగానే జారేది. ఎనిమిదోరోజు దూదికి ఏమీ అంటలేదు. ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

వాయుగుండం పోయినా విడవని వానలు పన్నెండోరోజుకి వెలిశాయి. రేవులో ఓడ నిలబడింది, ఖనిజం ఎత్తడం మొదలైంది. సాయంత్రం ఇంటికొచ్చి, ఐదుసార్లు చేతులు కడుక్కుని బోను దగ్గరికెళ్లాను. దొరసాని ముక్కు ఎర్రగా ఉంది.

కిందే చతికిలబడి, దూది తడిపి తుడిచి, వేళ్ల మధ్య రుద్దాను. గరగరలాడింది. మళ్లీ రుద్దాను. ఇసకలా గరగరలాడింది.

"పద్మా, ఇది ధూళే," అన్నాను. "కిటికీ కాడకెళ్లిందేటి?"

ఇద్దరం ముందుగదిలోకి వెళ్లాం. తడిచీర కింద అంచు ఒకచోట పక్కకి తొలగి ఉంది. కింద ట్రంకుపెట్టె, దాని పైన కిటికీ గట్టు. గట్టు మీద సన్నగా పరుచుకున్న ఎర్రధూళిలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చిన్నచిన్న అడుగులున్నాయి, వాటి మధ్య తోక ఈడ్చిన గీత ఉంది.

పద్మావతి గుడ్డ చేతిలో పట్టుకుని చాలాసేపు వాటిని చూసింది. తర్వాత గుడ్డని భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు గట్టు తుడవలేదు.